మూత ముందు, మెరుపు తర్వాత

అచ్చంపేట,
1961 అక్టోబరు

బావకు సిద్దిరాములు దండాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావా అని అడగను, ఆ పని మా అక్క చూసుకుంటుంది.

నువ్వు ఇచ్చి పంపిన రెండు పెద్ద దీపాల సంగతి ముందు చెప్పాలి. నేను కిరాయికి తీసుకున్న జాగాకు కరెంటు ఇంకా రాలేదు. స్తంభాలు వచ్చాయి, వాటి మీద కాకులు కూర్చుంటున్నాయి, తీగలు మాత్రం లేవు. అందుకని ఒక దీపం రేకు డొప్పలో, నాకు కిరాయికిచ్చిన ఇంటామె ఈదమ్మ కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. రెండోది జొన్నలు కొలవడానికి ఇమ్మని ఈదమ్మ అడుగుతోంది. నీ దీపాలు ఇక్కడ ఖాళీగా లేవు, ఫికర్ పెట్టుకోకు.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. హైదరాబాదు కోఠీకి పోయి ఫ్లాష్ గన్ను కొన్నాను. మొత్తం భుజాన వేసుకునే సంచిలో పడుతుంది. విసనకర్రలా విప్పుకునే రేకు పళ్లెం, దాని నడుమ కోడిగుడ్డంత బల్బు, అడుగున బ్యాటరీ. మీట నొక్కితే ఒక్క మెరుపు. ఒక బల్బుకు ఒకటే ఫోటో. ఆ తర్వాత మాడిన బల్బు పిల్లల ఆటకు పోతుంది.

రోడ్డు పని మేస్త్రీ పెద్దులు కొడుకు బాలస్వామి పెండ్లి మొన్ననే అయ్యింది. వాళ్ల వాడలోని చిన్న చర్చిలో, పొద్దుగూకే వేళ. స్టూడియో అయితే వాళ్లందరినీ బండ్లు కట్టించి రప్పించుకోవాలి, నా సంచి వాళ్లింటికే పోయింది. మీట నొక్కగానే డప్పులు ఆగిపోయాయి. "పిడుగు పడ్డదిరో!" అని పెద్దులు తలపాగా పట్టుకొని కూలబడ్డాడు. పొద్దుటి నుంచి తల వంచుకొని ఉన్న పెండ్లికూతురు లీలమ్మ అది చూసి పకపకా నవ్వింది. అదృష్టం, చేతిలో ఇంకో బల్బు ఉంది. ఫోటో దీంతో పెట్టాను, చూడు. నీ స్టూడియోలో ఏ పెండ్లికూతురన్నా ఇట్లా నవ్విందా బావా?

"గా సంచి మెరుపు కొంటే మల్ల నా గడప తొక్కకు" అన్నావు, నేను వచ్చే రోజు. మరిచిపోలేదు. అందుకే కాగితాన్ని మాత్రం నీ గడప దాటిస్తున్నాను. అక్కకు, అండాలుకు, అవ్వకు నా మాటగా చెప్పు.

నీ బామ్మర్ది,
సిద్దిరాములు


భువనగిరి,
1961 నవంబరు

చిరంజీవి సిద్దిరాములుకు వెంకటనర్సు ఆశీస్సులు.

నీ ఫోటో అందింది. సున్నం వేసిన గోడకు కండ్లు పెట్టి పంపావనుకున్నాను ముందు. తర్వాత మనుషులని తెలిసింది. పెండ్లికొడుకు వెనకాల గోడ మీద ఆ నీడ చూశావా? పాపం బాలస్వామికి ఎనుము కొమ్ములు మొలిపించావు.

పదేళ్లు నా స్టూడియోలో ఉండి ఏం నేర్చుకున్నావురా? ఎడమ దీపం ముఖానికి, కుడి దీపం చెంపకు, వెనక దీపం జుట్టుకు. దీపం వేయాలి, చూడాలి, జరపాలి, మళ్లీ చూడాలి, బాగుందనుకున్నాకనే కెమెరా మూత తీయాలి. వెలుగును అన్నంలా వండాలి, మెతుకు పట్టి చూసి దించాలి. నువ్వు చేసేది పేలాలు వేయించడం.

ఇంటి విశేషాలు. మన బిడ్డ అండాలు పెండ్లి ఖాయమైంది. అబ్బాయి దేవరకొండ, పేరు జంగయ్య, చేనేత సంఘంలో పని. వైశాఖంలో ముహూర్తం. పిల్లకు పెట్టుపోతల మీద ఏ పట్టింపూ లేదు గాని ఒక్క మంకుపట్టు పట్టింది. "అవ్వ ఫోటో నా చేతికియ్యకుంటే నేను దేవరకొండ బస్సెక్క" అంటోంది. పుట్టినప్పటి నుంచి అవ్వ పక్కన పడుకున్న పిల్ల. తప్పు పట్టలేను.

మా అమ్మ సంగతి నీకు తెలియనిదా! ఇంటిల్లిపాదికీ అవ్వ, అంత మొండిమనిషి ఈ నేత బజారులో ఇంకొకరు లేరు. మేడ బొమ్మ వేసిన నా తెర ముందుకు రమ్మంటే రాదు. ఎన్ని తీర్ల బతిమాలినా రాదు. ఊరంతటికీ ఫోటో తీసిన వాణ్ణి, నా ఇంట్లో నా కన్నతల్లి ఫోటో లేదు. ఇది నన్ను లోపల తొలుస్తోందిరా. నీతో కాక ఎవరితో చెప్పుకుంటాను?

వెంకటనర్సు

తమ్మీ, మీ బావ గీ ఉత్తరం డబ్బల ఏసి రమ్మని నాకిచ్చిండు. అడుగున జాగా ఉంటే రాస్తున్న, ఆయనకు ఎరుకలేదు. అవ్వ ఎందుకు కూసుంట లేదో ఆయన నీకు రాయలే. మా మామ ఉన్నప్పుడు మీ బావ గా తెర ముందట్నే ఆయన ఫోటో ఒకటి తీసిండు గద, ఎవరివో బూట్లు తొడిగి, చేతికి గడియారం కట్టి. మామ పోయినంక అవ్వ గా ఫోటోను ఎన్నిసార్లు చూసినా ఒకటే మాట: "గీయన ఎవరో దొర. మగ్గం లేదు, భుజం మీద తువ్వాల లేదు. నా మొగన్ని ఇండ్ల నేనేడ గుర్తుపట్టాలె?" అందుకనే "నాది కాని మేడ ముందల నేను కూసోను, తీస్తే నా మగ్గం కాడ తియ్యిండ్రి" అంటది. మగ్గం అర్రల పట్టపగలు గూడ దీపం పెట్టుకోవాలె, మన ఇంటికి కరెంటు లేకపాయె. ఇగ ఇంకో మాట. నీ పెండ్లి ఫోటోను గంత తిట్టిండు గని, దిండు కింద పెట్టుకున్నడు. పొద్దుగాల నేనే చూసిన. మీ అక్క సుగుణమ్మ.


అచ్చంపేట,
1961 డిసెంబరు

బావకు దండాలు.

అండాలు పెండ్లి మాట చదివి ఈదమ్మ ఇంటి ముందు నేనొక్కణ్ణే ఎగిరాను. కోడి భయపడి దీపం డొప్పలోంచి లేచిపోయింది, మళ్లీ బతిమాలి కూర్చోబెట్టాం.

కొమ్ముల మాట నిజమే, ఒప్పుకుంటాను. నీడ ఇంకా నా చెప్పుచేతల్లోకి రాలేదు. వస్తుంది.

అవ్వ విషయం ఆలోచించాను. ఆమె తెర దగ్గరికి రాకపోతే మానె, ఆమె కూర్చునే చోటికే మనం పోదాం. నాకేదో అట్లా తోచింది, ఎవరూ చెప్పలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, పోగు నడిపే నాడె చేత పట్టుకుని కూర్చున్న అవ్వను తీయాలంటే కరెంటూ వద్దు, తీగలూ వద్దు, నా సంచి చాలు. కానీ నీ గడపకు గడియ పెట్టింది నువ్వు. నువ్వే తీయాలి. "సంచి పట్టుకొని రా" అని ఒక్క మాట రాయి బావా. తెల్లారి మొదటి బస్సులో ఉంటాను. ఆ మాట రాయకుండా మాత్రం రాను. నాకూ ఆ ఇంటి మొండితనం కొంత అంటింది మరి.

సిద్దిరాములు


భువనగిరి,
1962 జనవరి

చిరంజీవి సిద్దిరాములుకు.

నీ సంచి అవసరం పడలేదు. స్టూడియో దీపాలు ఇంటికి నడిచి రాలేవని ఎవరన్నారు? మన గల్లీ మూల మీద కాటమయ్య పిండి గిర్నికి కరెంటు ఉంది. ఆయనను అడిగి, అక్కడి నుంచి ఇంటి దాకా తీగ లాగించాను. మూడు దీపాలూ మగ్గం అర్రలో నిలబెట్టాను. మా అమ్మ మగ్గం ముందు కూర్చుంది. వెలుగు అద్భుతంగా కుదిరింది. పడుగు పోగు పోగూ కనపడింది.

కొద్దిపాటి అంతరాయం వల్ల పని వాయిదా పడింది. మిగతా అంతా కుశలమే.

వెంకటనర్సు

తమ్మీ, కొద్దిపాటి అంతరాయం అంట! చెప్త ఇను. మూడు దీపాలు ఎలిగినయి, మీ బావ కెమెరా నల్లగుడ్డల తల దూర్చి "అవ్వా, కదలకు" అన్నడు. గంతే, ఢామ్మన్నది. మన ఇల్లు చీకటి, గిర్ని చీకటి, మొత్తం బజారు చీకటి. గిర్నిల సగం జొన్నలు పిండైనయి, సగం గింజలే. ఆడోళ్లందరు చాటలు పట్టుకొని మనింటి మీదికొచ్చిండ్రు. "మా పిండి మాకియ్యి, లేకుంటె మీ ఇంట్లనే రొట్టెలు చెయ్యి" అని కాటమయ్య పెండ్లాం గల్ల పట్టినంత పని చేసింది. మీ బావ ఇంక గుడ్డల నుంచి తల బయటికి తియ్యలే. తీస్తే తంతరని భయం. గది చూసి అవ్వ నవ్వింది చూడు తమ్మీ, కడుపు పట్టుకొని, కండ్లల్ల నీళ్లు కారంగ. మామ పోయినంక అవ్వ గంత నవ్వుడు నేను చూడలే. గా నవ్వు ఫోటోకు రావాలె. చీకట్ల పోయింది. మీ బావ గూడ గదే ఫికర్ చేస్తుండు గని నోరు తెరిచి అనడు.


అచ్చంపేట,
1962 ఫిబ్రవరి

బావకు దండాలు.

దీపాల వెలుగు అద్భుతంగా కుదిరినందుకు సంతోషం. అంతరాయం సంగతి నేనేమీ అడగను. అక్కడ ఇప్పుడు జొన్న రొట్టెలు బాగా దొరుకుతున్నాయా?

నాకొక పొరపాటు జరిగింది, అది చెప్పాలి. నల్లమల అంచున ఒక పల్లెలో సుక్కమ్మ మనవడికి పేరు పెట్టే పండుగకు పిలిచారు. పూరింట్లో లోపల చీకటి. నేను వచ్చేటప్పుడు అవ్వ తన చేత్తో నేసిన తువ్వాల ఇచ్చింది కదా, నేను దాన్ని అన్నిటికీ వాడతాను. ఎండకు తలకు చుడతాను, సద్ది మూట కడతాను, దారి దుమ్ము పడకుండా ఫ్లాష్ గన్నుకూ చుడతాను. నేతోళ్ల పిల్లలకు తువ్వాల లేనిదే ఏ పనీ సాగదు కదా! ఆ రోజు బిడ్డ మంచి ఆటలో ఉన్నాడు, ఎక్కడ ఏడుపు అందుకుంటాడోనన్న తొందరలో తువ్వాల విప్పడం మరిచి మీట నొక్కేశాను. మెరుపు తువ్వాల లోపలే మెరిసింది. "అయ్యో, గుడ్డ కాలుతాంది పిలగా!" అని సుక్కమ్మ చెంబెడు నీళ్లు పోసింది. తువ్వాల మీద, నా మీద.

ఫోటో పోయిందనుకున్నాను. అయినా కడిగి చూశాను. బావా, దీంతో పంపుతున్నాను, నువ్వే చూడు. కొమ్ములు లేవు. సున్నం గోడ లేదు. బిడ్డ చెంప గుండ్రంగా, పాల నురగలా వచ్చింది. అవ్వ నేత వెలుగును వడగట్టింది. అప్పటి నుంచి పళ్లెం ముందు తువ్వాల ఒక పొర పట్టుకుంటున్నాను, కొంచెం ఎడంగా. లెన్సు కన్ను ఇంకాస్త తెరిస్తే సరిపోతుంది.

తువ్వాల మీద మాత్రం బొటనవేలంత గోధుమరంగు మచ్చ పడింది. అవ్వకు చెప్పకు. నీకు పుణ్యముంటుంది. చెబితే నా తోలు తీసి పడుగు చేస్తుంది.

సిద్దిరాములు


భువనగిరి,
1962 మార్చి

సిద్దిరాములుకు.

ఫోటో చూశాను. నీడ మెత్తబడింది. చెంప బాగుంది. కానీ అది నీ వెలుగు అనుకుంటున్నావేమో, కాదు, నా వెలుగే. పదేళ్లు చూసి కండ్లల్లో పెట్టుకొని పోయావు.

కాగితం కొనడానికి మొన్న హైదరాబాదు పోయి వచ్చాను. ఇంకేం విశేషాలు లేవు. పెండ్లికి మధుపర్కాలు అమ్మే నేస్తానని కూర్చుంది. ఇద్దరికీ తెల్ల బట్టలు, ఎర్ర అంచు. బయట కొంటే ఊరుకోదట.

వెంకటనర్సు

తమ్మీ, కాగితం కాదు! ఆయన గూడ నీ అసొంటి మెరుపు కొనుక్కొచ్చుకున్నడు. బియ్యం గుమ్మిల దాచిండు, నేను బియ్యానికి చెయ్యి పెడితే రేకు తగిలింది. రోజు నేను బజారుకు పోంగనే తీసి పరీక్ష చేస్తుండు. ముందల కాటమయ్య మేక మీద చేసిండు, గది తాడు తెంపుకొని ఉరికింది. తరువాత దొంగతనం బయటపడ్డంక నన్నే కూసోబెట్టిండు. ఒక్క ఫోటో రాలే! కెమెరాల ఫోటో ప్లేటు తీసి కడుగుతడు, ఉత్త కిటికీ అద్దం. మల్ల ఇంకో బల్బు, మల్ల అద్దం. బల్బుల డబ్బ అడుగంటింది. నాకు సంగతి ఎరుకైంది. స్టూడియోల దీపం ఏసినట్టే ముందల మెరుపు ఏస్తడు, "ఆ, వెలుగు మంచిగున్నది" అంటడు, గప్పుడు మెల్లగ మూత తీస్తడు. అప్పటికి మెరుపు ఏడున్నది? నేను చెప్తే "నీకేం తెలుసే" అంటడు. నిన్ను అడగాలంటె నామోషి. నిన్న ప్లేటు ముందల పెట్టుకొని "నాకు చేత గాకపాయె సుగుణా" అన్నడు. నా మనసు కలుక్కుమన్నది. అండాలు పెండ్లి దగ్గరికొచ్చింది. ఏమన్న చేయి తమ్మీ.


అచ్చంపేట,
1962 మార్చి

బావకు దండాలు.

ఇక్కడొక తమాషా జరిగింది, నీకు చెబితే నవ్వుతావని రాస్తున్నాను. కల్వకుర్తి నుంచి ఒక ఫోటో షాపాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పెద్ద మనిషి. నీ ఈడువాడే. చేతి పని గొప్పది. కొత్తగా ఫ్లాష్ గన్ను కొన్నాడట, ఒక్క ఫోటో రావడం లేదని దిగులుపడ్డాడు. ఎట్లా వేస్తున్నావు అన్నా అంటే, ముందు మెరుపు వేసి, వెలుగు చూసుకుని, అప్పుడు మూత తీస్తున్నానన్నాడు.

నేనేమన్నానంటే: "అన్నా, స్టూడియో దీపం ఇంటి మనిషి, నువ్వు ఎంతసేపు చూసినా కూర్చుంటుంది. మెరుపు అట్ల కాదు. చూద్దామనుకునే లోపల పోతుంది. అర్ర చీకటిగా ఉంది కాబట్టి ముందు మూత తీసెయ్యి, ఏమీ కాదు. తర్వాత మెరుపు వెయ్యి. మళ్లీ మూత పెట్టు. వెలుగు ఎట్లుందో ప్లేటు చూసుకుంటుంది, నువ్వు చూడనక్కర లేదు."

ఆయన తప్పు కాదు బావా. ఎన్నో ఏండ్లు చేసిన పని చేతికి అంటుకుపోయింది, అంతే. నాకు నేర్పినాయన కూడా అట్లాగే చేసేవాడు. నా చేతికి ఆ అలవాటు పోవడానికి నేనూ బల్బులు బాగానే మాడ్చాను.

సిద్దిరాములు


భువనగిరి,
1962 ఏప్రిల్

ఓరి సిద్దిరాములూ!

నీ కల్వకుర్తి షాపాయన ఇల్లు భువనగిరి నేత బజారులో ఉందనీ, ఆయన భార్య పేరు సుగుణమ్మ అనీ నాకు తెలిసిపోయింది. నీ ఉత్తరం చదివి తలెత్తితే ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడింది. వేలికి సిరా. ఆర్నెల్లుగా నా ఉత్తరాల అడుగున ఇంకో పోస్టాఫీసు నడుస్తోందన్నమాట! కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. నవ్వు వచ్చింది. ఇద్దరం కూర్చుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం, అవ్వ వచ్చి "ఏమైంది మీకు, కల్లు గిట్ల తాగిండ్రా?" అనేదాకా.

ఇంకా ఒకటే బల్బు మిగిలి ఉండె. మూత తీశాను, మెరుపు వేశాను, మూత పెట్టాను. మీ అక్క వచ్చింది. పండ్ల నడుమ పోగు పట్టుకొని, నన్ను చూసి నవ్వుతూ. ఇరవై ఏండ్ల కాపురంలో ఈ ముఖం నేను రోజూ చూస్తూనే ఉన్నాను, నా తెర ముందు ఒక్కసారి కూడా రాలేదు. నువ్వు గెలిచావు. తీసుకో.

ఇప్పుడు అసలు మాట. మధుపర్కాలు అయిపోవచ్చాయి. పెండ్లికి ముందటి గురువారం అవ్వ బట్ట కోస్తుంది. మన ఇండ్లల్లో తీరు నీకు తెలుసు, పెండ్లి బట్టను మగ్గం మీంచి కోసే ముందు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, బెల్లం పంచి, నేసిన మనిషే కత్తెర పెట్టాలి. అప్పుడు తీయమంటోంది. "బట్ట కోసేది ఒక్కసారే, మీ మెరుపు గూడ ఒక్కసారే. రాకుంటె మీ కర్మ. మల్ల మల్ల కూసోను" అంది. ఆమె మాటంటే మాటే.

నా తల్లి ముందు రెండు పనులూ ఒక్కణ్ణే చేయలేనురా. మూత నేను తీస్తాను. మెరుపు నువ్వు వెయ్యి.

సంచి పట్టుకొని రా.

మీ బావ,
వెంకటనర్సు

తమ్మీ, గీసారి ఆయనే "నువ్వు గూడ రెండు ముక్కలు రాయి" అని ఉత్తరం నా చేతుల పెట్టిండు. ఏం రాయాలె, మొత్తం ఆయనే రాసిండు! జల్ది రా. నీకు సకినాలు చేసి పెడుత.


అచ్చంపేట,
1962 మే

బావకు, అక్కకు దండాలు.

పెండ్లి అయిన తెల్లారే బయలుదేరి వచ్చినందుకు కోపం చేయకండి. ఇక్కడ ఒక పెండ్లి ఒప్పుకొని ఉన్నాను. అసలు సంగతి అది కూడా కాదు. అండాలు దేవరకొండ బస్సెక్కుతూ నా చేయి పట్టుకొని "మామా, అవ్వ ఫోటో వచ్చిందా?" అని అడిగింది. "నీ వెనకనే పంపుత బిడ్డా" అన్నాను. అని, ఆమె కండ్లలోకి చూడలేకపోయాను.

బావా, నువ్వు నల్లగుడ్డలో ఉన్నావు, నీకు సరిగా కనపడిందో లేదో. అవ్వ మగ్గం గుంటలో కూర్చుంది. పసుపు కుంకుమ పెట్టింది. అండాలు నోట్లో బెల్లం ముక్క పెట్టింది. కత్తెర తీసుకుంది. ఎంత చక్కగా ఉంది! నువ్వు మూత తీశావు. నేను తువ్వాల అడ్డం పట్టి పళ్లెం దగ్గరికి తెచ్చాను. అప్పుడు అవ్వ కండ్లు బట్ట మీంచి లేచి తువ్వాల మీద పడ్డాయి. మచ్చ సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా ఉంది.

"ఓరి సిద్దిగా! నా తువ్వాలను గిట్ల కాల్చినవారా! గంజి పెట్టి, కుంచె కొట్టి నేసిన తువ్వాలరా గది, నీ చేతులిరగ!" అని కత్తెర పైకెత్తింది. నేను ఉలిక్కిపడ్డాను. నా వేలు మీటను నొక్కేసింది. అర్రలో అందరూ గొల్లుమన్నారు, అవ్వ కూడా. ఆ నవ్వు ముందా, నా మెరుపు ముందా, నాకు తెలియదు. ఆమె బట్ట కోసేసింది, లేచిపోయింది. మళ్లీ కూర్చోమ్మా అంటే "ఒక్కసారే అన్న గద" అంది.

ఆ ప్లేటు కడిగి చూద్దామంటే నీ చీకటి గదిలో బూందీ గంపలు, లడ్డూలు పెట్టారాయె. ఇంకా కడిగావో లేదో. కత్తెర ఎత్తి తిడుతున్న ముసలమ్మ, నోరు ఇంత తెరిచి. అదే వచ్చి ఉంటుంది. ఉన్న ఒక్క అదనును నేనే పాడుచేశాను. తువ్వాల మార్చుకోవాలన్న బుద్ధి నాకెందుకు పుట్టలేదు! అండాలుకు ఏం ముఖం చూపించను?

సిద్దిరాములు


భువనగిరి,
1962 జూన్

చిరంజీవి సిద్దిరాములుకు మీ బావ ఆశీస్సులు.

లడ్డూలు ఖాళీ అయ్యేసరికి వారం పట్టింది. తర్వాత గది కడిగించి, చీమలను వెళ్లగొట్టి, ప్లేటు కడిగాను. నీళ్లలో నా తల్లి మెల్లమెల్లగా తేలి వచ్చింది.

నువ్వన్నట్టే కత్తెర పైకెత్తి ఉంది. నోరు తెరిచే ఉంది. కానీ కండ్లు చూడరా! కండ్లు అప్పటికే నవ్వుతున్నాయి. నోరు తిడుతోంది, కండ్లు నవ్వుతున్నాయి, ఒళ్లో ఎర్ర అంచు బట్ట, వెనకాల గూట్లో నూలు కండెల గంప, పక్కన నోట్లో బెల్లంతో అండాలు. ముఖం మీద ముడతలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, ఒక్కటీ గుచ్చుకోదు. ముడతలు చెరిపే టచ్చింగు చేద్దామని అలవాటుగా పెన్సిల్ తీశాను. మళ్లీ పెట్టేశాను. చీకటి గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే. మీ అక్క తలుపు కొట్టేదాకా బయటికి రాలేదు.

ఫోటో అచ్చు వేసి అవ్వ చేతికిచ్చాను. ఎండలోకి పట్టుకుపోయి చాలాసేపు చూసింది. నేనూ వెనకనే పోయాను, "గీమె ఎవరో" అంటుందేమోనని.

"గిది నేనే" అంది.

లోపలికి పోయి, మా నాయిన ఫోటో పక్కన గోడకు ఆనించి పెట్టింది. ఆయనతో "ఇగో, మన ఇల్లు గిట్లుంటది, యాదికున్నదా?" అని చెప్పడం మీ అక్క విన్నది.

ఒక కాపీ దేవరకొండ పోయింది. అత్తగారింట్లో అందరూ "గామె ఎవరిని తిడుతాంది?" అని అడుగుతున్నారట, "మా సిద్దిరాములు మామను" అని అండాలు గర్వంగా చెబుతోందట. ఇంకో కాపీ పెద్దది చేసి స్టూడియో అద్దంలో పెట్టాను. ఊళ్లో వాళ్లు ఆగి చూస్తున్నారు. నిన్న కాటమయ్య వచ్చి, తన భార్యను గిర్ని కాడనే, చాట చేతిలో ఉండగా తీయమన్నాడు. నా సంచి భుజాన వేసుకొని పోయాను. ఆమె గిర్ని ఆపను పొమ్మంది, ఆ పిండి దుమ్ములోనే తీశాను.

తెర సంగతి చెప్పలేదు కదూ. దాన్ని మడిచి మూలకు పెడుతుంటే అవ్వ చూసి లాక్కుంది. మగ్గం మీద కొత్త పడుగుకు దుమ్ము పడకుండా కప్పింది. "ఇగ మేడ నా ఇంట్లకొచ్చింది, ఇప్పుడు నాదే" అంటోంది.

దీంతో ఒక పార్సిలు వస్తుంది. అందులో ఏముందో, అవ్వ చెబుతుంటే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"సిద్దిగా, ఇగో కొత్త తువ్వాల. నీ మెరుపు కోసమే పలచగ నేసిన. గిది కాలినా ఏమన. పాతది వాపస్ తీసుకరా, మచ్చ కాడ అతుకేసి నేనే కప్పుకుంట. నీ ఇంటామె ఈదమ్మ కోడి పిల్లలను తీసిందా? ఆమె ఫోటో గూడ తీయి, ఆమె ఇంట్లనే, కోడిపిల్లలతోటి. మీ బావ దీపం డొప్ప ఎనుకకు అడగకు. గది కోడికే ఉండనియ్యి."